చాలు అంటే ఎంత?

మా ల్యాబ్‌లో నాకు కోపం తెప్పించగలిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. కోపం వచ్చాక కూడా తిట్టబుద్ధి కానివాడు మాత్రం శ్రీకర్ ఒక్కడే. జగిత్యాల నుంచి సిడ్నీ వచ్చి మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాడు. ప్రయోగాలు నేర్పేది నేను. నేను నోరు తెరిచేలోపే "తప్పు నాదే మేడం" అని చేతులు కట్టుకుని నిలబడతాడు. అలా నిలబడ్డవాణ్ణి ఏమని తిడతాం? అందుకని ఆ కోపమంతా మా సెంట్రిఫ్యూజ్ మీదా, ఇంటికెళ్ళాక మా ఆయన శేషాచలం మీదా చూపిస్తుంటాను. ఇద్దరూ పాపం గిర్రున తిరుగుతారు.

ఆ సెప్టెంబరులో నా కోపానికి కారణం ఒక నల్లటి గీత.

శ్రీకర్ పని కణాన్ని రెండుగా విడదీయడం. నడుమ ఉండే కేంద్రకంలోని ప్రొటీన్లు ఒక ట్యూబులోకీ, కేంద్రకం చుట్టూ ఉండే ద్రవంలోని ప్రొటీన్లు ఇంకో ట్యూబులోకీ రావాలి. ఇదేం పనే అని శేషాచలం అడిగితే, సీతాఫలం తిన్నట్టేనండీ అని చెప్పాను. గుజ్జంతా రావాలి, గింజ పగలకూడదు. ఐస్ మీద పెట్టిన కణాలకి కొంచెం డిటర్జెంట్ తగిలిస్తే పైపొర విడుతుంది. అప్పుడు సెంట్రిఫ్యూజ్‌లో నెమ్మదిగా తిప్పితే కేంద్రకాలు అడుక్కి దిగుతాయి, ద్రవం పైన నిలుస్తుంది. పైదాన్ని సూపర్నేటెంట్ అనీ, కిందిదాన్ని పెల్లెట్ అనీ లోకమంతా అంటుంది. నేనూ శ్రీకర్ తేట అనీ, మడ్డి అనీ అంటాం. చారుకి పనికొచ్చిన మాటలు కణానికి పనికిరావా ఏం?

సరిగ్గా విడిపోయిందో లేదో చెప్పడానికి లామిన్ అనే ప్రొటీన్ ఉంది. అది కేంద్రకం గడప దాటదు. బ్లాట్ తీసినప్పుడు, అంటే ప్రొటీన్లని గీతలుగా బొమ్మ కట్టించినప్పుడు, మడ్డి వరుసలో దాని గీత నల్లగా పడాలి, తేట వరుసలో జాడ కూడా ఉండకూడదు. శ్రీకర్ తేటలో మాత్రం ప్రతిసారీ ఉంటోంది. సిగ్గూ ఎగ్గూ లేకుండా, నల్లగా, లావుగా ఉంటోంది.

దీనికింత గొడవ ఎందుకంటే, రెండేళ్ళుగా శ్రీకర్ చెబుతున్నది ఒకటే మాట. కణానికి వేడి తగిలితే అతను చూస్తున్న ప్రొటీన్ బయటి ద్రవంలోంచి కేంద్రకంలోకి పోతుందని. మైక్రోస్కోపులో అలాగే కనబడుతోంది. కానీ విడదీసి చూపించమనేసరికి రెండు ట్యూబుల్లోనూ ఉంటోంది. లామినే తేటలోకి వచ్చి కూర్చున్నప్పుడు, ఈ ప్రొటీన్ లోపలుందా బయటుందా అని ఎవరు నమ్మకంగా చెప్పగలరు?

మా ప్రొఫెసర్ జూడిత్ మంచి మనిషి. మంచివాళ్ళు చెప్పే చెడ్డమాట ఇంకా గట్టిగా తగులుతుంది. శుక్రవారం "ఈ ఆర్వో ఓసారి మాట్లాడదాం లక్ష్మీ" అని పిలిచింది. ఆర్వో అంటే ఇక్కడివాళ్ళ భాషలో మధ్యాహ్నం. నా పేరు ఉదయలక్ష్మి. పాతికేళ్ళుగా ఆవిడ వెనక సగంతోనే సరిపెట్టుకుంటోంది.

"వచ్చే గురువారం శ్రీకర్ రివ్యూ. అప్పటికి ఒక్క శుభ్రమైన బ్లాట్ లేకపోతే ఈ అధ్యాయం వదిలేసి, అతన్ని వేరే ప్రాజెక్టులోకి మారుద్దాం. ఇంకా ఆలస్యమైతే అతనికే నష్టం" అంది.

ఆవిడ చెప్పినదాంట్లో తప్పేం లేదు. అందుకే నాకు ఒళ్ళు మండింది.

ఆ మాట శ్రీకర్‌తో చెబితే ముఖం పాలిపోయింది.

"వేరే ప్రాజెక్ట్ అంటే ఎలుకల ప్రాజెక్టే కద మేడం?"

"అవును."

"నాకు ఎలుకలంటే భయం మేడం." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "అది కాదు. నా ప్రొటీన్ లోపటికి పోతది మేడం. నేను కండ్లార చూసిన. అది లేదంటే ఈ రెండేండ్లు నేను ఏం చూసినట్టు?"

ఎలుకల గురించి ఏదో ఎగతాళి చేయబోయి మానేశాను.

అప్పటికే నేను చేయని ప్రయత్నం లేదు. పాత డిటర్జెంట్ పారబోసి కొత్తది కలిపాను. అది తగిలించే సమయం తగ్గించాను. సెంట్రిఫ్యూజ్‌ని ముందే చల్లబరిపించాను. లామిన్‌ని పట్టే యాంటీబాడీ పాడైందేమోనని పక్క ల్యాబ్ నుంచి కొంచెం అడిగి తెచ్చాను. కణాలు ముసలివైపోయాయేమోనని ఫ్రీజర్‌లోంచి కొత్తవి తీయించాను. చివరికి, డిటర్జెంట్ వేశాక ఒక చుక్క తీసి, నీలం రంగు కలిపి మైక్రోస్కోపు కింద పెట్టాం. కేంద్రకాలు పెసరగింజల్లా గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. అంటే గింజ పగలట్లేదు. మరి లామిన్ తేటలోకి ఎలా వస్తోంది? గోడ దూకి వస్తోందా?

ఒకసారి నేనే చేశాను. తేట తేటలా ఉంది, లామిన్ మడ్డిలోనే ఉంది. మర్నాడు అదే బఫర్ ద్రావణం, అవే కణాలు, అదే బల్ల దగ్గర శ్రీకర్ చేశాడు. లామిన్ మళ్ళీ తయారు. ఆ తర్వాత నేను పక్కనే నిలబడి చేయించాను. కుర్రాడి చెయ్యి మెత్తన. పిపెట్ కొనని ట్యూబు గోడకి ఆనించి తేటను నెమ్మదిగా పైకి లాగుతున్నాడు. మడ్డి దగ్గరపడేసరికి "ఆఁ, చాలు" అన్నాను. పక్కకి తిరిగి తర్వాతి ట్యూబుకి ఐస్‌లో చోటు చేశాను. ప్రతి ట్యూబుకీ అంతే. "చాలు" అనడం, తిరగడం. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. బ్లాట్‌లో మాత్రం గీత దొరికింది.

"నీకు హస్తవాసి లేదేమోనయ్యా" అన్నాను విసుగ్గా.

శ్రీకర్ తన అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. "ఉండాలె మేడం. మా ఊర్ల పసిపిల్లలకు మొదటిసారి అన్నం నాతోనే ముట్టిపిస్తరు" అన్నాడు.

అందుకే శ్రీకర్‌ని ఆదివారం భోజనానికి గిరావీన్‌లో మా ఇంటికి రమ్మన్నాను. బ్లాట్ బాగుచేయలేకపోతే కనీసం కడుపైనా నింపుదామని. రౌస్ హిల్‌లో నలుగురు ఐటీ కుర్రాళ్ళతో కలిసి ఉంటాడు. వాళ్ళింట్లో వంట అంటే, ఎవరు ముందు ఆకలికి తట్టుకోలేకపోతే వాళ్ళు కుక్కర్ పెట్టడం.

మెట్రో దిగి, రెండు బస్సులు మారి, తలమీద బ్యాక్‌ప్యాక్ బోర్లించుకుని వచ్చాడు. మా వీధి మొదట్లో యూకలిప్టస్ మీద గూడు పెట్టిన మాగ్‌పై అనే పక్షి కొత్తవాళ్ళని గుర్తుపట్టి మరీ తరుముతుంది. శ్రీకర్ చేతిలో ఒక కేకుల డబ్బా ఉంది.

"ఏంటయ్యా ఇది?"

"లామింగ్టన్లు ఆంటీ."

"ఆదివారం కూడా లామినేనా!" అన్నాను. శేషాచలం అర్థం కాకపోయినా పెద్దగా నవ్వాడు. నేను సరదాగా ఉన్నప్పుడు నవ్వేయడం ఆయన చాలాకాలంగా పాటిస్తున్న జాగ్రత్త.

శ్రీకర్‌లో నాకు ముచ్చటేసే విషయం ఇంకోటుంది. ల్యాబ్‌లో నేను మేడంని, ఇంట్లో ఆంటీని. ఎవరూ చెప్పకుండానే గుమ్మం దగ్గర చెప్పులతో పాటు ఆ మాట కూడా మార్చుకుంటాడు.

బెండకాయ వేపుడు, దోసకాయ పప్పు, చారు, అప్పడాలు. అందరూ కూర్చున్నారు. నేను వడ్డిస్తున్నాను. వడ్డించేటప్పుడు నేను కూర్చోను. కూర్చుంటే ఎవరి కంచంలో ఏం తగ్గిందో కనబడదు.

"చాలు ఆంటీ" అన్నాడు శ్రీకర్, పప్పు ఒక గరిటె పడగానే. ఇంకోటి వేశాను. "అయ్యో చాలు ఆంటీ" అన్నాడు. ఇంకో సగం వేశాను. సంతోషంగా కలుపుకున్నాడు.

చారు దగ్గరికొచ్చేసరికి మా అమ్మాయి రుచిత వంతు. రుచిత ఇక్కడే పుట్టింది, పదకొండో క్లాసు. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. "చాలు" అనే మాట ఒక్కటే తెలుగులో అంటుంది, త్వరగా పని జరుగుతుందని. జరగదు.

"చాలు" అంది. పోశాను. "అమ్మా, చాలు." ఇంకొంచెం పోశాను. అది కంచం లాక్కుంది. చారు బల్ల మీద పడింది.

"అమ్మా! ఐ సెడ్ చాలు! స్టాప్ అంటే స్టాపే కదా! వై డు యూ ఈవెన్ ఆస్క్?"

"అట్ల కాదు రుచితా" అన్నాడు శ్రీకర్, పెద్దమనిషి తరహాలో. "మొదటి చాలు మర్యాదకు. రెండోది కూడ మర్యాదకే. కంచం మీద చెయ్యి అడ్డం పెడితే, గప్పుడు నిజం చాలు."

"సో చాలు మీన్స్ మోర్?"

"మోర్ అని కాదు. ఇంకొంచెం."

"ఎగ్జాక్ట్లీ!" అన్నాడు శేషాచలం, తన కంచంలో అడక్కుండా పడిన చారుని చూసుకుంటూ.

నేను నవ్వుతూనే గరిటె గిన్నెలో ముంచాను. చారు అడుక్కొచ్చింది. గరిటె అడుగుకి తగలగానే కిందున్న పప్పు మడ్డి లేచి, అంతవరకూ తేటగా ఉన్న చారంతా మసగ్గా అయిపోయింది.

నా చెయ్యి అక్కడే ఆగింది.

"శ్రీకర్."

"ఆంటీ."

"ల్యాబ్‌లో తేట తీసేటప్పుడు నేను చాలు అంటాను కదా. అన్నాక నువ్వేం చేస్తావు?"

నోటిదాకా వెళ్ళిన ముద్ద అక్కడే ఆగిపోయింది. వాడి ముఖంలో ఏదో వెలిగి, వెంటనే ఆరిపోయింది.

"ఇంకొంచెం తీస్త, మేడం" అన్నాడు. భోజనాల బల్ల దగ్గర మేడం అన్నాడంటే విషయం అర్థమైపోయిందన్నమాట.

"ఎంత?"

"అంత. సాంతం." "మీరు మర్యాదకు అంటున్నరనుకున్న. కొత్తోడు కద, మొత్తం తియ్యమంటే ఏమనుకుంటడో అని మీరు మొహమాటపడి చాలంటున్నరు అనుకున్న. అడుగుకు అంత మంచిగ మిగిలినంక పారేసుడు మనసొప్పలేదు. చివరి బొట్టు దాక లాగుత."

"ఎప్పట్నుంచి?"

"మీరు నేర్పిన మొదటి దినం నుంచి."

గరిటె బల్ల మీద పెట్టాను. ముందు కోపం వచ్చింది, నిజమే చెబుతున్నాను. ఇన్ని బఫర్లు పారబోశాను, పక్క ల్యాబ్ వాళ్ళ దగ్గర దేహీ అన్నాను, సెంట్రిఫ్యూజ్ తలుపు మీద నాలుగు దెబ్బలు కూడా వేశాను. ఆ చివరి బొట్టుతో పాటు కేంద్రకాలు గుంపుగా పిపెట్‌లోకి ఎక్కి తేటలోకి దిగుతున్నాయి. పగలడం లేదు, దూకడం లేదు, మా శ్రీకర్ గారు మర్యాదగా ఎక్కించుకుని మరీ తెస్తున్నారు.

తిట్టడానికి నోరు తెరిచాను. ఎదురుగా రుచిత కంచం కనబడింది. చాలు అని రెండుసార్లు చెప్పిన పిల్ల కంచంలో చారు అంచుదాకా తొణుకుతోంది. ఆ మాటకి నా చేతిలోనే అంతే విలువుంటే, వాడి చేతిలో వేరే విలువ ఎలా ఉంటుంది? ఇక నవ్వు ఆగలేదు. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాను.

"వెయిట్" అంది రుచిత. "హిజ్ హోల్ పీహెచ్‌డీ గాట్ స్టక్ బికాజ్ ఆఫ్ చాలు?"

"తప్పు నాదే మేడం" అని శ్రీకర్ ఎంగిలిచేత్తోనే లేవబోయాడు. "ఇప్పుడే ల్యాబ్‌కు పోయి..."

"కూర్చో. మజ్జిగన్నం తినకుండా ఎక్కడికి? కణాలు రేప్పొద్దున దాకా సిద్ధం కావు."

సోమవారం పొద్దున ముందు ఒక ట్యూబు పాత పద్ధతిలోనే చేయించాను. "ఎప్పట్లాగే చెయ్యి. సిగ్గుపడకు" అన్నాను. ఈసారి తల తిప్పలేదు. నేను చాలు అన్నాక పిపెట్ పైకి లేచింది, మళ్ళీ ఎంతో వినయంగా కిందికి దిగింది, అడుగున మిగిలిందంతా పీల్చుకుంది. ఆ తేటను కొత్త ట్యూబులో పోసి మళ్ళీ తిప్పించాను. బయటికి తీసి వెలుతురుకి పెట్టి చూస్తే, అడుగున పిండి రాలినట్టు తెల్లటి మచ్చ ఉంది. అవన్నీ తేటతో పాటు తరలివచ్చిన కేంద్రకాలు.

"ఇగో, వీళ్ళు" అన్నాడు శ్రీకర్. ఇన్నాళ్ళూ దొరకని దొంగల్ని చూసినట్టు కాసేపు చూశాడు.

తర్వాత కొత్త పద్ధతి. చాలు అంటే చాలు. అడుగున కొంచెం తేట వదిలేయాలి. తీసినదాన్ని ఇంకోసారి తిప్పి, మళ్ళీ అడుగు ముట్టకుండా తీయాలి. వినడానికి సులువే. కానీ ట్యూబులో మిగిలిన ఆ కాస్త తేటను చూస్తే, కంచంలో అన్నం వదిలేసి లేచినంత బాధపడ్డాడు.

"ఇంత వదిలేసుడా మేడం?"

"వదిలెయ్."

"కొంచెం గూడ..."

"శ్రీకర్!"

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మంగళవారమంతా బ్లాట్ నానుతుంటే మేమిద్దరం దాని చుట్టూ ఊరికే తిరిగాం. నేను రెండుసార్లు సెంట్రిఫ్యూజ్‌ని తుడిచాను. దెబ్బలు వేసినందుకు.

బుధవారం పొద్దున బొమ్మ స్క్రీన్ మీద మెల్లగా తేలింది. ముందు లామిన్ చూశాం. మడ్డి వరుసల్లో నల్లగా ఉంది. తేట వరుసలు తెల్లగా, కడిగిన గచ్చులా ఉన్నాయి. తర్వాత అతని ప్రొటీన్. మామూలు కణాల్లో అది తేటలో ఉంది. వేడి తగిలిన కణాల్లో తేట ఖాళీ. మొత్తం మడ్డిలో ఉంది.

"లోపటికి పోయింది మేడం! పోయింది! నేను చెప్పలే!"

ఆ కేకకి జూడిత్ ఎవరో చెయ్యి కాల్చుకున్నారనుకుని ఫస్ట్ ఎయిడ్ డబ్బాతో పరుగెత్తుకొచ్చింది. స్క్రీన్ చూసి డబ్బా కింద పెట్టింది. లామిన్ వరుసని వేలితో ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తడిమి చూసింది.

"ఈ అధ్యాయం ఎక్కడికీ పోదు" అంది.

శ్రీకర్ గబుక్కున వెనక్కి తిరిగి కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు. నేనూ సెంట్రిఫ్యూజ్ వైపు తిరిగాను. నాకు కళ్ళజోడు లేదు మరి.

గురువారం రివ్యూలో ఒకాయన, ఇంతకీ లోపం ఎలా దొరికిందని అడిగాడు. శ్రీకర్ ఏమాత్రం తడుముకోకుండా "అడుగున కొంచెం వదిలేయాలని నాకు మొదటిరోజే చెప్పారు. నేను ఆ మాటని భోజనం దగ్గరి మాట అనుకున్నాను" అని ఇంగ్లీషులో వివరించాడు. గదిలో మిగిలిన భారతీయులిద్దరూ పడీపడీ నవ్వారు. జూడిత్‌కి మొత్తం కథ టీ రూములో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు నేను పులిహోర తీసుకెళ్ళాను. కొత్త మాట నేర్చుకున్న గర్వంతో ఆవిడ ప్లేటు పట్టుకుని "చాలూ, లక్ష్మీ!" అంది. పాతికేళ్ళ స్నేహం కదా, ఇంకో చెంచా వేశాను.

ఆ వచ్చే ఆదివారం శ్రీకర్‌ని మళ్ళీ పిలిచాం. ఈసారి నేను ఒక నిర్ణయానికి వచ్చాను. చదువుకున్నదాన్ని, ఒక మాటకి రెండు అర్థాలుంటే ఎంత నష్టమో కళ్ళారా చూశాను. ఇకనుంచి మా ఇంట్లో కూడా చాలంటే చాలే. రుచితకి ఆ మాట చెబితే "ఫైనల్లీ!" అని చప్పట్లు కొట్టింది.

ముద్దపప్పు మొదటి గరిటె పడింది.

"చాలు ఆంటీ" అన్నాడు శ్రీకర్.

"సరే" అని ఆపేశాను. గిన్నె అవతల పెట్టేశాను.

వాడు కలుపుకోవడం మొదలుపెట్టలేదు. అన్నం ఎక్కువ, పప్పు తక్కువ. కంచం వంక చూశాడు, గిన్నె వంక చూశాడు, నా వంక చూశాడు.

"ఏమయ్యా?"

"ఏం లేదు ఆంటీ."

"చాలన్నావుగా. ఆపాను."

"గది ల్యాబ్ల చాలు ఆంటీ" అన్నాడు మెల్లగా. "ఇది ఇంట్ల చాలు." తర్వాత తల దించుకుని, అన్నం మీద వేలితో గీతలు గీస్తూ అన్నాడు. "ఈ దేశం వచ్చినకాడి నుంచి, చాలు అంటే అందరు ఆపేస్తరు. మంచిగనే, తప్పేం లేదు. మీ ఇంట్ల ఒక్కదాంట్లనే ఆపరు. అందుకే రెండు బస్సులైన ఎక్కి వస్త."

శేషాచలం మంచినీళ్ళ గ్లాసు తీసుకుని తాగకుండా పట్టుకున్నాడు. నా నిర్ణయం ఒక్క గరిటె కూడా నిలవలేదు. గిన్నె దగ్గరికి లాక్కుని పప్పు వేశాను, పైన నెయ్యి వేశాను. వాడు చాలు ఆంటీ అన్నాడు, ఇంకొంచెం వేశాను.

ఎదురుగా రుచిత ఇదంతా చూస్తోంది. తన కంచం నెమ్మదిగా నా వైపు జరిపింది.

"చాలు, అమ్మా" అంది. చెయ్యి అడ్డం పెట్టలేదు.